నీటికింద మూడెకరాలు

మా మామ్మ పేరు కడలి పల్లాలమ్మ.
ఇంటిపేరులో సముద్రం, ఒంటిపేరులో పల్లం.
నీళ్ళు ఇంకెక్కడికి పోతాయి?

ఏటా శిస్తు కట్టేది మూడెకరాల పది సెంట్లకి.
ఆ చేను మీద అప్పటికే లాంచీలు తిరుగుతున్నాయి.
"నీళ్ళకి శిస్తేంటి పల్లాలూ" అని కరణం నవ్వితే
"నీళ్ళకి కాదండీ, కిందున్నదానికి.
ములిగింది గానీ చావలేదు" అనేది.
కరణాలు పోయారు. శిస్తూ పోయింది.
అయినా వేసవి రాగానే ఆఫీసుకెళ్ళి
"ఏవన్నా కట్టాలా బాబూ" అని అడిగొచ్చేది.

ఆరేళ్ళప్పుడు గేదె తోక పట్టుకుని పాయ దాటింది.
నడిమధ్యలో గేదె బెదిరింది, తను కాదు.
(అలాగని తనే చెప్పేది. గేదెని అడిగినవాళ్ళు లేరు.)

పదహారో ఏట
బెల్లం బుట్టల కింద ఏముందో అడక్కుండా
అమావాస్య చీకట్లో యానాం దాకా పడవేసింది.
అప్పుడది పరాసువాళ్ళది.
తిరిగొచ్చేటప్పుడు ఒళ్ళో సెంటు సీసా,
వెనక తుపాకీ మోత.
సెంటు ఆర్నెల్లకి అయిపోయింది.
సీసాలో ఆముదం పోసి డెబ్భై ఏళ్ళు వాడింది.

మా తాతకి పడవెక్కితే వాంతులు.
పెళ్ళైన మూడో రోజే ఒప్పందం:
"నువ్వు తెడ్డెయ్యి. నేను లెక్కలు చూస్తాను."

పెద్ద వరదొచ్చిన రాత్రి
ముగ్గురు పిల్లల్ని కొబ్బరిచెట్టుకి
తను పేనిన తాడుతోనే కట్టింది.
నాలుగోవాడు మా నాన్న, ఇంకా కడుపులోనే.
తాత పద్దుల పుస్తకం నెత్తిన కట్టుకుని
పక్క చెట్టు మీద.
తెల్లారేదాకా కింద ఒడ్డు తెగుతూనే ఉంది.
ఆ చప్పుడెలా ఉంటుందని అడిగాను చిన్నప్పుడు.
"ఉరిమినట్టు కాదే.
ఆవు నెవరేసినట్టు. మెల్లిగా. తీరుబడిగా."

తర్వాతంతా కౌలు చేలు, పీచు తాళ్ళు, ఒకరి తర్వాత ఒకరికి బడి ఫీజులు.
యాభై రెండేళ్ళకి ట్రాక్టరు నేర్చుకుంది.
మొదటిరోజే పంటకాలవలో దింపి
దాని మీదే నిలబడి కేకేసింది,
"లాగండ్రా, చూస్తారేంటి!"

ఇప్పుడామె కింద ముప్పై ఏడుగురం.
ఎవరింట్లో గొడవైనా మొదటి బస్సుకి దిగేది.
తగువు తేలేదాకా మంచినీళ్ళు ముట్టేది కాదు.
ఆవిడకి దాహమేస్తుందన్న భయంతో
రాజీపడ్డ మొగుడూ పెళ్ళాలున్నారు మాలో.
తన తగువొక్కటే తేల్చుకోలేదు.
పెద్దత్తతో పదకొండేళ్ళు మాటల్లేవు.
ఎందుకో ఇద్దరూ చెప్పరు.

మొన్న మాఘంలో చేపలబ్బులు ఫోన్ చేశాడు:
"మామ్మగారి దిబ్బ లేచిందండోయ్."

తొంభై మూడేళ్ళు. గుండెకి నాలుగు రకాల మాత్రలు.
పడవలో ప్లాస్టిక్ కుర్చీ వేశాం.
దాన్ని నాకిచ్చి తను అంచున కూర్చుంది.
దిగుతూ చెప్పుల్లేని కాలితో ఇసకని ఒత్తి చూసింది,
పసిపిల్ల మాడు మీద చెయ్యి వేసినట్టు.

సర్వేయరు కుర్రాడు ఫోన్లో పటం చూసి నసిగాడు.
ఇది అది కాదట.
మీది అక్కడే కరిగిపోయిందట,
ఇది రెండొందల గజాలు అవతల, వేరే మండలంలో ఉందట.

మామ్మ అతని వైపు జాలిగా చూసింది.
"జరిగిందా? జరగనీ బాబూ.
నేను మాత్రం ఉన్నచోటే ఉన్నానా?"

బొడ్లోంచి పొట్లం తీసింది. దోసగింజలు.
చూపుడువేలితో గుంట, గుంటకి రెండు గింజలు, పైన గుప్పెడు ఇసక.
"ఆషాఢంలో ఎర్రనీళ్ళొస్తే మళ్ళీ పోద్ది కదే మామ్మా" అన్నాను.
"ఆషాఢం ఆషాఢంలో వస్తాది.
ఆ చెంబిలా తే."

కాయలు పదకొండు కాశాయి.
ఒకటి పెద్దత్తకి పంపింది.